1997 సి

మొన్న ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడి కొడుకు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. డైనింగ్ టేబుల్ నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఉన్నట్టుండి వాడు తలెత్తి, "అత్తా, ఇందులో ప్రతి లెక్క పక్కన ఏ ఏడాది పేపర్లోదో వేశారు. ఇది చూడు, 1997 సి అట. ఈ సి ఏంటి?" అన్నాడు.

సి అంటే క్యాన్సిల్డ్. ఆ ఏడాది ఐఐటీ జేఈఈ పేపరు కొన్ని సెంటర్లలో ముందే బయటికొచ్చిందని తేలింది. జరిగిన పరీక్షను రద్దు చేసి అందరికీ మళ్ళీ పెట్టారు. రద్దయిన ఆ పేపర్లోని లెక్కలు ఇన్నేళ్ళ తర్వాత కూడా గైడ్లలో సి అనే తోక తగిలించుకుని తిరుగుతున్నాయన్నమాట. వాడికి రెండు ముక్కల్లో చెప్పాను. ఆ పరీక్ష నేనూ రాశానంటే మాత్రం నమ్మలేనట్టు చూశాడు. అత్తలు కూడా ఒకప్పుడు పరీక్షలు రాసి ఉంటారని పిల్లలకు తోచదు.

చిక్కుడుకాయలు మరదలికి ఇచ్చేసి, ఆ పుస్తకం నా ముందుకు లాక్కున్నాను.

అప్పట్లో మేం హైదరాబాద్ విద్యానగర్లో ఉండేవాళ్ళం, రైలు పట్టాలకు దగ్గర్లో. మా ఇంట్లో అలారం గడియారం ఉండేది కానీ నాకు దాంతో పని పడేది కాదు. రాత్రి కాచిగూడ వైపు పోయే గూడ్సు కూత వినిపిస్తే పుస్తకం మూసేదాన్ని. తెల్లవారుజామున ఇంకో కూత వినిపిస్తే లేచేదాన్ని. ఆ బండి ఆలస్యమైన రోజు నేనూ ఆలస్యమే.

మాకు ఎనిమిది ఇళ్ళ అవతల ఒకమ్మాయి ఉండేది. అసలు పేరు రాయను. ఇంట్లో, వీధిలో అందరూ బుజ్జి అనేవాళ్ళు. వాళ్ళ నాన్నగారిది ఆర్టీసీలో ఉద్యోగం, మా నాన్నది కరెంటు ఆఫీసులో. స్కూల్లో ఆరో క్లాసు నుంచి మాది ఒకే బెంచీ. ఫస్టు తను వస్తే సెకండు నేను, నేను వస్తే తను. టెన్త్ అయ్యేసరికి ఇది మా ఇద్దరి వ్యవహారం కాకుండా పోయింది. కిరాణా కొట్టాయన, ఇస్త్రీ బండి దగ్గర అవ్వ, పాలపాకెట్లు వేసే కుర్రాడు, అందరికీ మా మార్కులు కావాలి. పంచదార కట్టిస్తూ కొట్టాయన, "ఈసారి ఆ పిల్ల ముందా, నువ్వు ముందా?" అని అడిగేవాడు. నేను వెనకబడిన నెలల్లో పంచదారకు తమ్ముణ్ణి పంపేదాన్ని.

ఇక ఆ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు నల్లకుంట గురించి చెప్పక్కర్లేదు. నల్లకుంట అంటే ఐఐటీ, ఐఐటీ అంటే చుక్కా రామయ్య గారు. ఆయన ఐఐటీ కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు రావడానికే ఓ ఎంట్రన్స్ రాయాలి. ఆ ఎంట్రన్స్‌కి మళ్ళీ విడిగా కోచింగ్ ఇచ్చే మాస్టార్లు ఉండేవాళ్ళు. ఎంట్రన్స్ కోసం ఎంట్రన్స్ కోచింగ్ అంటే బయటి ఊళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు, మాకు అందులో నవ్వాల్సిందేమిటో అర్థమయ్యేది కాదు. బుజ్జీ నేనూ ఇద్దరం రాశాం. ఇద్దరికీ రాలేదు. ఆ సాయంత్రం శంకర్ మఠం దగ్గర బండి మీద చెరో నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాం. మేం ఒకరి మీద ఒకరికి ఏ అనుమానమూ లేకుండా తిన్న బజ్జీలు బహుశా అవే.

ఆ తర్వాత పక్క సందులో, ఒక ఇంటి పైఅంతస్తులో నడిచే చిన్న కోచింగ్‌లో చేరాం. రేకుల షెడ్డు, అరవై మంది పిల్లలు, అందులో ఆడపిల్లలం మేమిద్దరమే. క్లాసు పొద్దున్న ఐదింటికి. కాలేజీ తొమ్మిదింటికి మొదలవుతుంది కాబట్టి ఈలోపు ఐఐటీ చదువు అయిపోవాలి.

స్కూటరు మాకే ఉండేది, బజాజ్ చేతక్. చలికాలంలో దాన్ని పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, పది కిక్కులు కొడితే గానీ లేచేది కాదు. ఆ మోతకు వీధి కుక్కలన్నీ లేచేవి. నాన్న మఫ్లరు చుట్టుకుని ముందు, నేను మధ్యలో, బుజ్జి చివర. వెనక స్టెప్నీకి ఆనుకుని, రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. దారంతా ఫార్ములాలు గొణుక్కునేది. నేను నిద్రపోతున్నట్టు నాన్న వీపుకి తల ఆనించి, వినేదాన్ని. తను చదివింది నేను చదవలేదని తెలిస్తే కడుపులో ఏదో తిప్పినట్టుండేది. స్కూటరు దిగేలోపు ఆ ఫార్ములా నాకూ వచ్చేసేది.

స్కూటరు బాకీ వాళ్ళు పాఠాలతో తీర్చేవాళ్ళు. బుజ్జి వాళ్ళ నాన్నగారు సొసైటీలో లోను తీసుకుని మద్రాసు నుంచి పోస్టల్ కోచింగ్ కట్టారు. నెలనెలా లావుపాటి కవరు వచ్చేది. మా ఇంట్లో ఆ ఖర్చు పెట్టే పరిస్థితి లేదు, అప్పుడే మా అక్క పెళ్ళయింది. బుజ్జి తను చదివేశాక కవరు యథాతథంగా తెచ్చి ఇచ్చేది. ఒక్క కాగితం కూడా దాచలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద నా సంగతి చెబుతాను.

మేం క్లాసులో ఉన్నంతసేపూ నాన్న ఇంటికి వెళ్ళేవాడు కాదు. పెట్రోలు దండగని. ఫీవర్ ఆస్పత్రి వైపు ఓ ఇరానీ హోటలు చీకట్లోనే తెరిచేవాళ్ళు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తండ్రులు నలుగురైదుగురు అక్కడ చేరేవాళ్ళు. చాయ్ వన్ బై టూ, ఉస్మానియా బిస్కెట్లు రెండు. మొదట్లో రాజకీయాలు మాట్లాడుకునేవారట. రాన్రానూ అది కూడా ఓ కోచింగ్ సెంటరై కూర్చుంది. "మా వాడికి ఆర్గానిక్ కొంచెం వీక్ అండీ", "మీ అమ్మాయికి రొటేషనల్ మోషన్ అయిపోయిందా?" ఇలా ఉండేవి మాటలు. రొటేషనల్ మోషన్ అంటే ఏమిటో మా నాన్నకు ఈ జన్మలో తెలీదు. కానీ అది నాకు రాదని మాత్రం తెలుసు. ఇంటికొచ్చాక ఇడ్లీ తింటూ, "ఆ రొటేషన్ ఏదో కాస్త చూసుకో తల్లీ, ఇన్స్యూరెన్స్ ఆయన కొడుకు పూర్తి చేసేశాడట" అనేవాడు.

ఆదివారం టెస్టు. ప్రశ్నపత్రాలు సైక్లోస్టైల్ చేసి ఇచ్చేవాళ్ళు. పంచేటప్పటికి ఇంకు ఇంకా తడిగా ఉండేది. గబుక్కున వేలు పెడితే ఘాతం కాస్తా మరకైపోయేది, స్క్వేరో క్యూబో తెలిసేది కాదు. ఆ ఇంకు వాసన కిరోసిన్‌కీ బూట్‌పాలిష్‌కీ మధ్యలో ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి వాసన తగిలితే నా అరచేతులు చెమర్చుతాయి. మర్నాడు పాత క్యాలెండరు వెనకవైపు ర్యాంకులు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి తలుపుకి అంటించేవాళ్ళు. అరవైలో నాది పదకొండు, తనది తొమ్మిది. ఇంకో వారం నాది ఎనిమిది, తనది పధ్నాలుగు. నిజానికి మేం పోటీ పడాల్సింది దేశం మొత్తంతో. లక్షకు దగ్గరగా రాసేవాళ్ళు, సీట్లు కొద్ది వేలు కూడా లేవు. ఖరగ్‌పూర్, బొంబాయి, మద్రాసు, కాన్పూర్, ఢిల్లీ, కొత్తగా గౌహతి, అంతే. ఈ లెక్క మాకు తెలుసు. అయినా ఆ తలుపు దగ్గర నేను వెతికేది రెండు పేర్లే, ముందు తనది, తర్వాత నాది.

ఇంకో చిత్రం చెప్పాలి. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా మేమంతా తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాం. సంస్కృతం మీద ప్రేమతో కాదు, మార్కులు బాగా పడతాయని. మా బ్యాచ్‌లో ఒక పొడుగు అబ్బాయి ఐఐటీ ఆశ వదులుకుని పిలానీలోని బిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ మీద పడ్డాడు. అప్పట్లో బిట్స్‌కి ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులు చూసి తీసుకునేవాళ్ళు. బిట్‌శాట్ అనే ఎంట్రన్స్ వచ్చింది 2005లో. ఆ అబ్బాయి ఐదింటి క్లాసులో వెనక బెంచీలో కూర్చుని రామ శబ్దం వల్లించుకునేవాడు. చివరికి మా అందరిలోకీ అనుకున్నది అనుకున్నట్టు సాధించింది వాడే.

ఇప్పుడు నా సంగతి.

రష్యన్ ఫిజిక్స్ లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్ళూ అలాంటివి విశాలాంధ్రలో కారుచౌకగా దొరికేవి. పెద్ద పెద్ద పుస్తకాలు, గట్టి అట్టలు, పది ఇరవై రూపాయలు. మా వంతు వచ్చేసరికి ఆ దేశమే పోయింది. మాకు కావలసిన పుస్తకం ఎక్కడా లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతికితే చెస్ పుస్తకాలు, ట్రాక్టర్ల బొమ్మలున్న పిల్లల కథలు దొరికేవి గానీ అది దొరికేది కాదు. చివరికి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక కాపీ కనబడింది. ఇంటికివ్వరు, అక్కడే చదువుకోవాలి. సాయంత్రాలు ఇద్దరం వెళ్ళేవాళ్ళం, ఒక్కోరోజు ఒక్కరమే.

ఒకరోజు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక చాప్టరు సగంలో ఉండగా వాళ్ళు లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు. లేచి పుస్తకం పెట్టబోతూ, రాక్ ముందు ఆగాను. రేపు బుజ్జి వస్తానంది. నేను రాలేను, అత్తయ్యావాళ్ళు వస్తున్నారు. పుస్తకం తీసుకెళ్ళి జ్యోతిషం రాక్‌లో, పంచాంగాల వెనక పెట్టేశాను. చెయ్యి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

రెండు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే పంచాంగాల వెనక లేదు. గుండె ఆగినంత పనైంది. తిరిగి చూస్తే కిటికీ పక్క టేబుల్ దగ్గర బుజ్జి, ముందు అదే పుస్తకం.

"ఎక్కడ దొరికిందే?" అన్నాను.

"జ్యోతిషంలో. ఎవరో అక్కడ పెట్టిపోయిండ్రు" అంది, తల ఎత్తకుండా.

"నువ్వు జ్యోతిషం రాక్ దగ్గరికి ఎందుకు వెళ్ళావు?"

"నా నక్షత్రానికి ఈ ఏడు విద్యాయోగం ఉందో లేదో చూసుకుందామని."

ఇద్దరం పడీ పడీ నవ్వితే లైబ్రేరియన్ వచ్చి తిట్టాడు. కుర్చీ జరిపి చోటిచ్చింది, పుస్తకం మధ్యలో పెట్టింది. తెలుసో తెలియదో నేను అడగలేదు. మర్నాడు కూడా స్కూటరు మీద మామూలుగానే సంచులు ఒళ్ళో పెట్టుకుంది. ఫార్ములాలు మాత్రం ఆ రోజు గొణగలేదు. లేక నాకే వినిపించలేదో.

పరీక్ష ఎండల్లో జరిగింది. అమ్మ ఉల్లిపాయ రుమాల్లో కట్టి ఇచ్చింది, వడదెబ్బ తగలకుండా. నేను బాగా రాశాను. ఊరికే అనడం కాదు, లెక్కల పేపరు రాస్తుంటే అన్నీ నాకు తెలిసినవే వరసగా వస్తున్నట్టనిపించింది. బయటికొస్తే బుజ్జి గేటు పక్క వేపచెట్టు కింద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను ఓదార్చాను. ఓదారుస్తున్నప్పుడు లోపల ఎంత హాయిగా ఉందో కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

తర్వాత పేపర్లో వార్త వచ్చింది, పరీక్ష రద్దని. ఎక్కడో లీకైతే ఇక్కడ విద్యానగర్లో మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. అదే పూట బుజ్జి వాళ్ళమ్మ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. కొట్టి, ప్రసాదం వీధంతా పంచుతూ మా ఇంటికీ ఓ చిప్ప తెచ్చింది. ఆమెకు వేరే ఆలోచన లేదు, కూతురికి దేవుడు ఇంకో ఛాన్స్ ఇచ్చాడు, అంతే. మా అమ్మ రెండు చేతులతో పుచ్చుకుని కళ్ళకద్దుకుంది. మర్నాడు దానితో పచ్చడి చేసింది. నేను ముట్టలేదు. నాన్న రెండుసార్లు వేసుకున్నాడు.

రెండోసారి పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాశాను.

ఆ రోజుల్లో మా వీధిలో నాలుగిళ్ళకు కలిపి మాదే ఫోను. బుజ్జి వాళ్ళు అందరికీ మా నంబరే పీపీ నంబరుగా ఇచ్చుకునేవాళ్ళు. వాళ్ళ పెద్దనాన్న ఒకాయన మద్రాసులో ఉండేవాడు. రిజల్టు నోటీసు బోర్డు చూసి చెప్పమని ఇద్దరి హాల్ టికెట్ నంబర్లూ ఆయనకే ఇచ్చాం. ఫోను మోగినప్పుడు ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

ఎస్టీడీలో గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "బుజ్జిది ఉందమ్మా" అన్నాడు. నేను రిసీవరు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక బస్సు హారన్లు, ఎవరిదో అరవం. "నీ నంబరు ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. "నేను మళ్ళీ వెళ్ళి చూసి చేస్తానమ్మా, జనం ఎక్కువున్నారు" అన్నాడు. చూడకుండానే చేశాడా ఫోను? పాపం, మంచాయన. ఆ తర్వాత చేయనే లేదు.

ఎనిమిది ఇళ్ళు. నడుస్తుంటే ఇస్త్రీ బండి అవ్వ ఏదో అడిగింది, ఏం చెప్పానో గుర్తులేదు. ఆ రోజు మంజీరా నీళ్ళు వచ్చే రోజు. బుజ్జి వాళ్ళ వాకిట్లో సంపు దగ్గర కూర్చుని, లంగా పైకి దోపుకుని, బిందెలు నింపుతోంది. చెప్పాను. బిందె నిండి పొర్లిపోతోంది. పైపు తీయలేదు.

"నీది?" అంది.

"లేదు."

పైపు వదిలేసి తడి చేతులతో నా రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. విషయం తెలిసి, ఇంట్లో ఇంకే తీపీ లేక, పంచదార డబ్బా పట్టుకొచ్చింది. బుజ్జి నోరు తెరిస్తే, "ఆగు" అని నా వైపు తిరిగి, "ముందుగల నువ్వు తిను బిడ్డా, కబురు తెచ్చినవ్" అని నా నోట్లో పోసింది. దాన్ని మింగడానికి నాకు చాలాసేపు పట్టింది.

కౌన్సెలింగ్‌కి వాళ్ళు నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళారు. స్టేషనుకి మా నాన్నే దింపాడు, స్కూటరు మీద, రెండు ట్రిప్పులు. తనకి ఖరగ్‌పూర్ వచ్చింది. నాకు ఎంసెట్ ర్యాంకుతో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 1929లో మొదలైన కాలేజీ, ఎవరికైనా గొప్పే. కానీ నాకు మాత్రం అది మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. ఎక్కడికో పోదామని రెండేళ్ళు చీకట్లో లేచి, చివరికి పొద్దున తొమ్మిదికి లేచినా సరిపోయే కాలేజీలో చేరాను. ఇప్పుడైతే ఐఐటీయే సంగారెడ్డి దారిలో కంది దగ్గర ఉంది, 2008లో మొదలైంది. మేనల్లుడు అది దగ్గరని వద్దంటున్నాడు. వాడికి బొంబాయి కావాలి.

బుజ్జి సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. వాళ్ళ నాన్నగారు ట్రంకుపెట్టె సీటు కింద గొలుసుతో కట్టి, తాళం రెండుసార్లు లాగి చూశారు. కిటికీలోంచి నాకు ఒక ప్లాస్టిక్ కవరు అందించింది. బండి కదిలాక తెరిచాను. మద్రాసు పోస్టు పాఠాలు, మొత్తం సెట్టు. నాకు వాటితో ఇక పనేముంది? తనకి ఆ సంగతి తోచలేదు, లేదా తోచినా ఇచ్చింది. మా తమ్ముడికి పనికొచ్చాయి.

మొదటి ఏడాది ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి. మెస్సులో చేపల వాసన, ఇంగ్లీషులో అందరూ గడగడా మాట్లాడటం, బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఖైదీల్ని పెట్టిన హిజ్లీ క్యాంపులోనే వాళ్ళ ఐఐటీ మొదలైందని, ఇవన్నీ రాసేది. ఒక ఉత్తరంలో, "ఇక్కడ నేను క్లాసులో నలభయ్యో దాన్ని. పక్కన నువ్వు లేవు, ఎవరిని చూసి చదవాలో తెలుస్తలేదు" అని రాసింది. జవాబులో నేను లైబ్రరీ సంగతి రాద్దామనుకున్నాను. రాసి, చింపేసి, మా కాలేజీలో వర్క్‌షాపు గురించి రాసి పంపాను.

మొన్న ఆ 1997 సి లెక్క చూశాక చాలాసేపు రఫ్ పేజీలు నింపాను. కాంప్లెక్స్ నంబర్లు. నాలుగు లైన్లు బాగానే వచ్చింది, తర్వాత ముందుకు పోలేదు. ఫొటో తీసి బుజ్జికి వాట్సాప్‌లో పెట్టాను. తనిప్పుడు పుణేలో ఉంటుంది. గంట తర్వాత జవాబొచ్చింది. "ఇది వేపచెట్టు కింద కూర్చుని ఏడ్చిన లెక్క. నువ్వు చేసినవ్ కదా, నన్నెందుకు అడుగుతున్నవ్?"

దాని కింద ఇంకో మెసేజ్. "పంచాంగాల వెనక చూడు, జవాబు ఉంటది."

ఫోను పక్కన పెట్టి మళ్ళీ పెన్సిలు తీసుకున్నాను. ఐదో లైను రాస్తుంటే మేనల్లుడు వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, పుస్తకం ఇచ్చెయ్. రేపు నాకు టెస్టు ఉంది."